ప్లస్ అంటే బై, మైనస్ అంటే ఇంటూ

పోయిన ఆదివారం మా చిన్నమ్మ కొడుకు మాక్ టెస్ట్ పేపర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. చిక్కడపల్లిలో హాస్టల్‌లో ఉండి రైల్వే పరీక్షకి చదువుతున్నాడు. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే, సీటు దొరక్కపోతే బయట చెట్ల కిందే, ఆదివారం మాత్రం నల్లకుంటలో మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని కూడా ముద్ద కలపడం లేదు. ఏమైందిరా అంటే సంచిలోంచి పేపర్ తీసి నా ముందు పెట్టాడు. గుర్తులు మార్చే లెక్కలు ఐదు వస్తే నాలుగు తప్పు.

"అక్కా, నాకు లెక్కలు రావంటవా? పదో తరగతిల మ్యాథ్స్‌ల మంచి మార్కులే వచ్చినయి. గీ ప్లస్ అంటే బై, మైనస్ అంటే ఇంటూ అన్నకాడనే ఆగమైతున్న."

ముందు తినమన్నాను. వాడు తింటుంటే నేను ఆ నాలుగు తప్పులూ ఒక్కొక్కటిగా చూశాను. కూడికలో తప్పు లేదు, తీసివేతలో తప్పు లేదు, ఎక్కం ఒక్కటి కూడా తప్పలేదు. వాడు రాసుకున్న వరసకి వాడు వేసిన జవాబు నూటికి నూరుపాళ్లు కరెక్టు. కానీ ప్రశ్నలో అడిగిన వరస అది కాదు. అంటే లెక్క మొదలవక ముందే, స్క్రీన్ మీదనుంచో పేపర్ మీదనుంచో వరసని దించుకునేటప్పుడే తప్పు జరిగిపోయింది, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు.

నేనూ ఒకప్పుడు మూడేళ్లు అశోక్‌నగర్ గదుల్లో ఉండి ఇవే పేపర్లు చేశాను. ఇప్పుడు ఒక ప్రైవేట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. ఈ రకం లెక్కలంటే నాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. మా తమ్ముడికి ఆ మధ్యాహ్నం చెప్పినవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే వాడి పక్క బెంచీల్లో కూర్చుని చదివేవాళ్లలో ఇదే చోట ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారని వాడే చెప్పాడు.

వాడు తప్పు చేసిన మొదటి లెక్క దాదాపు ఇలా ఉంది, నంబర్లు మాత్రం కొంచెం మార్చాను:

'+' అంటే '÷', '−' అంటే '×', '×' అంటే '+', '÷' అంటే '−' అయితే
36 + 4 − 3 × 8 ÷ 5 = ?
ఎ) 6   బి) 30   సి) 38   డి) 35

తమ్ముడు సి పెట్టాడు. 38 ఎలా వచ్చిందో చూద్దామని పెన్సిల్ గీతలు చూశాను. పేపర్ మీద అచ్చులో ఉన్న గుర్తుల మీదే దిద్దుకుంటూ పోయాడు. ముందు ప్లస్ అన్నచోటల్లా బై చేశాడు: 36 ÷ 4 − 3 × 8 ÷ 5. తర్వాత మైనస్‌ని ఇంటూ చేశాడు: 36 ÷ 4 × 3 × 8 ÷ 5. ఇప్పుడు ఇంటూని ప్లస్ చేయాలి. ఇక్కడ వరసలో రెండు ఇంటూలు ఉన్నాయి, ఒకటి ప్రశ్నలో ఉన్నది, ఇంకొకటి వాడు ఇందాక చేసినది. రెండింటినీ ప్లస్ చేసేశాడు: 36 ÷ 4 + 3 + 8 ÷ 5. చివరికి బైని మైనస్ చేయాలి, మళ్లీ అదే, రెండు బైలూ మైనస్ అయిపోయాయి: 36 − 4 + 3 + 8 − 5. ఇది 38. జవాబు ఆప్షన్లలో కనబడింది, టిక్ పెట్టేశాడు.

అసలు వరస 36 ÷ 4 × 3 + 8 − 5. తొమ్మిది, ఇరవై ఏడు, ముప్పై ఐదు, ముప్పై. జవాబు బి.

మిగతా ఆప్షన్లు కూడా చూడండి. 4 × 3 ముందు చేసి 36ని 12తో భాగించినవాళ్లకి 3 వస్తుంది, దానికి 8 కలిపి 5 తీస్తే 6, అది ఎ. ఆఖరి 5 తీయడం మర్చిపోయినవాళ్లకి 35, అది డి. అంటే ఒక్కో తప్పు ఆప్షన్ ఒక్కో తప్పు దారికి చివరన ఉంది. అందుకే ఈ లెక్కల్లో "జవాబు ఆప్షన్లలో ఉంది కాబట్టి కరెక్టే" అనే ధైర్యం అస్సలు పనికిరాదు. మామూలు లెక్కలో తప్పు చేస్తే ఆప్షన్లలో లేని నంబర్ వస్తుంది, మళ్లీ చూసుకుంటాం. ఇక్కడ ఆ హెచ్చరిక కూడా రాదు.

వాడికి నేను గ్లాసులు తెచ్చి చూపించాను. ఒక గ్లాసులో టీ, ఒక గ్లాసులో మంచినీళ్లు. టీ గ్లాసులోకి నీళ్లు, నీళ్ల గ్లాసులోకి టీ రావాలి, ఎట్ల చేస్తవ్ అన్నాను. ఇంకో గ్లాసు కావాలక్కా అన్నాడు వెంటనే. ఆ మూడో గ్లాసే ఈ లెక్కలో రఫ్ పేపర్ మీద కొత్త వరస. పాత వరస మీద చెయ్యి పెట్టకూడదు, దాన్ని చూసి పక్కన కొత్తది రాయాలి, ప్రతి గుర్తునీ ప్రశ్నలో ఉన్న పాత గుర్తు నుంచే మార్చాలి, మనం మార్చినదాన్ని మళ్లీ మార్చకూడదు. నాలుగు మార్పులూ ఒక్కసారే జరుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి జరగవు. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం చేతి అలవాటు. నేను చేసే పద్ధతి చెప్తాను, నాకు ఇంతకంటే నమ్మకమైనది దొరకలేదు. ముందు నంబర్లు మాత్రమే రాయాలి, మధ్యలో ఖాళీలు వదిలి:

36    4    3    8    5

తర్వాత ఎడమ నుంచి కుడికి ఒక్కసారి వెళ్తూ ఆ ఖాళీల్లో కొత్త గుర్తులు నింపాలి. ప్లస్ ఉందా, బై. మైనస్ ఉందా, ఇంటూ. ఒక్కో ఖాళీ ఒక్కసారే నిండుతుంది కాబట్టి ఒకే గుర్తుని రెండుసార్లు మార్చే అవకాశమే లేదు. నంబర్లు, గుర్తులు కలిపి దించుకుంటూ పోతే చెయ్యి పాత గుర్తునే రాసేస్తుంది, చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు అది. రైల్వే పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి స్క్రీన్ మీద దిద్దే వీలు ఎలాగూ లేదు, ఏదో ఒకటి రఫ్ పేపర్ మీదకి దించుకోవాల్సిందే. ఆ దించుకునేదేదో మార్చిన వరసనే దించుకుంటే సరిపోతుంది కదా.

వాళ్ల కోచింగ్ సెంటర్‌లో సార్ మాత్రం "ఇవి మనసులోనే మార్చుకుని చెయ్యాలి, రాస్తే టైమ్ వేస్ట్" అన్నారట. ఈ మాటతో నాకు గట్టి పేచీ ఉంది. వాడు రాసే రైల్వే పరీక్ష ఎన్‌టీపీసీ, దాని మొదటి దశలో 100 ప్రశ్నలకి 90 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 54 సెకన్లు. తొందర ఉన్న మాట నిజమే. కానీ మనసులో మార్చుకునేటప్పుడు బుర్ర రెండు పనులు కలిపి చేస్తోంది, గుర్తు మార్చడం ఒకటి, లెక్క చేయడం ఒకటి, ఒకటి చేస్తుంటే ఇంకొకటి జారిపోతుంది, మళ్లీ మొదటికొచ్చి చూసుకోవాలి. ఆదివారం తమ్ముడి చేత రెండు రకాలుగానూ చేయించి ఫోన్‌లో టైమ్ పెట్టాను. ఖాళీలు పెట్టి రాసినప్పుడే తొందరగా అయిపోయింది, ఎందుకంటే వెనక్కి వెళ్లి చూసుకోవాల్సిన పని పడలేదు. పైగా తప్పుకి మూడో వంతు మార్కు కోత. నాలుగు తప్పులంటే రావాల్సిన 4 మార్కులు రాకపోగా ఇంకో 1.33 పోయినట్టు. అన్ని మార్కుల తేడా అంటే ఎంతమంది వెనక్కి వెళ్తామో ఈ పరీక్షలు రాసినవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

రెండో తప్పు బాడ్మాస్ దగ్గర, అంటే ఏ పని ముందు చేయాలో గుర్తుండటానికి బడిలో నేర్పే మాట, అందులో డి భాగహారం, ఎం గుణకారం, ఎ కూడిక, ఎస్ తీసివేత. గుర్తులన్నీ సరిగ్గానే మార్చాడు, 20 − 6 + 4 × 2 అని వచ్చింది. 4 × 2 ఎనిమిది. తర్వాత 6 + 8 పద్నాలుగు, 20 లోంచి తీస్తే 6 అని పెట్టాడు. ఎందుకురా అంటే "బాడ్మాస్‌ల ఎ ముందొస్తది కదక్కా, ఎస్ తర్వాత" అన్నాడు. బడిలో ఆ మాట అలా బట్టీ పట్టించేశారు కాబట్టి వాడి తప్పేం లేదు. కూడిక, తీసివేత రెండూ సమానం, ఎడమ నుంచి ఏది ముందొస్తే అది చేయాలి. 20 − 6 పద్నాలుగు, ప్లస్ 8, ఇరవై రెండు. భాగహారం, గుణకారం కూడా అంతే, రెండూ సమానమే. ఇందులో ఒక విషయం నాకు చాలా రోజులకి తట్టింది: భాగహారం ఎప్పుడూ ముందే చేయాలని తప్పుగా అనుకున్నా జవాబు మారదు, ఎక్కడైనా చేసి చూడండి, కానీ కూడిక ముందు చేయాలనుకుంటే మాత్రం మునిగిపోతాం. అందుకే డి, ఎం దగ్గర ఎప్పుడూ దెబ్బ తినని పిల్లలు ఎ, ఎస్ దగ్గర తింటారు, తిన్నా ఎందుకు తిన్నారో తెలియదు.

తమ్ముడు ఇంకో డౌట్ అడిగాడు, మంచి డౌట్. బాడ్మాస్ పాత గుర్తులకి పెట్టాలా, కొత్త గుర్తులకా? కొత్తవాటికే. ముందు చేయాలి, తర్వాత చేయాలి అనే నియమం పనిది, ఆ గీత ఆకారానిది కాదు. అడ్డంగా ఒక గీత, దాని పైనొక చుక్క, కిందొక చుక్క ఉన్నంత మాత్రాన దానికి పెద్దరికం రాదు, అది భాగించమని చెప్తేనే ఆ పెద్దరికం. ఈ రోజు అది తీసివేత అంటే తీసివేత స్థానంలోనే కూర్చోవాలి.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష పెట్టాను వాడికి. అదే లెక్క, అవే నంబర్లు, గుర్తుల బదులు అక్షరాలు. "పి అంటే భాగించు, క్యూ అంటే గుణించు, ఆర్ అంటే కూడు, ఎస్ అంటే తీసెయ్యి. 36 పి 4 క్యూ 3 ఆర్ 8 ఎస్ 5 ఎంత?" టకటకా చేసేశాడు, 30. ఒక్కచోట కూడా తడబడలేదు. మరి ఇదీ అదీ ఒకటే లెక్క కదరా! తెలివి తక్కువై అక్కడ తప్పు చేయలేదు నువ్వు అన్నాను. పి అనే అక్షరానికి మన బుర్రలో లెక్కకి సంబంధించిన పాత అర్థం ఏదీ లేదు, కాబట్టి కొత్త అర్థం ఇస్తే బుద్ధిగా తీసుకుంటుంది. ప్లస్‌కి మాత్రం ఒకటో తరగతి నుంచి ఒకటే అర్థం, ఎన్ని వేలసార్లు చదివామో, అది మనం పిలవకపోయినా పలుకుతుంది.

ఇలాంటిదే ఒకటి 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే ఆయన పరిశోధించి చూపించాడు. ఎరుపు అనే మాటని ఆకుపచ్చ సిరాతో రాసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమంటే మనుషులు తడబడతారు, ఆలస్యం చేస్తారు. ఉత్త రంగు పట్టీ చూపించి అడిగితే అంత ఇబ్బంది ఉండదు. చదవడం ఎంత అలవాటైపోయిందంటే చదవకుండా ఉండటమే కష్టం. తెలుగులో రాసుకుని ఇంట్లో పిల్లల చేత చేయించి చూడండి, చదవడం వచ్చినవాళ్లు తడబడతారు, ఇంకా అక్షరాలు రాని చంటివాళ్లు హాయిగా రంగులు చెప్పేస్తారు. కాబట్టి గుర్తుల లెక్కలో తడబడ్డామంటే అర్థం మామూలు లెక్కలు బాగా అలవాటయ్యాయనే. తమ్ముడికి ఈ మాట చెప్పాక ముఖంలో కొంచెం టెన్షన్ తగ్గింది, అప్పుడు పెరుగన్నం కలుపుకున్నాడు.

"అయినా గిదంతా ఎందుకక్కా? ప్లస్ అంటే ప్లస్సే. మనల్ని ఆగం చెయ్యనీకె పెట్టిండ్రు గని." ఈ మాట నేనూ అనేదాన్ని ఒకప్పుడు. తర్వాత ఈ గుర్తులు ఎక్కడినుంచి వచ్చాయో చదివినప్పుడు మనసు మారింది.

మనం పుట్టుకతో వచ్చినట్టు చూసే ఈ గుర్తుల వయసు చాలా తక్కువ. ప్లస్, మైనస్ అచ్చులో కనిపించింది 1489లో, జర్మనీలోని లైప్‌జిగ్‌లో యోహాన్నెస్ విడ్‌మన్ వేసిన వ్యాపార లెక్కల పుస్తకంలో. సమానం గుర్తు 1557లో రాబర్ట్ రికార్డ్ పెట్టాడు, రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి ఇంకేవీ ఉండవని ఆయన వాదన. ఇంటూ గుర్తు 1631లో విలియం ఆట్రెడ్ పుస్తకంలో వచ్చింది, బై గుర్తు 1659లో యోహాన్ రాన్ పుస్తకంలో. మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన వీళ్లందరి కంటే కొన్ని వందల ఏళ్ల ముందువాడు, ఆయనకి ఈ గుర్తుల్లో ఒక్కటీ లేదు, కూడటం తీయడం హెచ్చించడం భాగించడం అంతా మాటల్లోనే. మా తాత కూడా గుణకారాన్ని హెచ్చవేత అనేవాడు, నోటితోనే చేసేవాడు, ఆయన లెక్క చెప్తుంటే గుర్తు అనేదే కనబడేది కాదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బక్షాలీ ప్రతి. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీ అనే ఊళ్లో తవ్వుతుంటే ఒక రైతుకి దొరికింది, భూర్జపత్రాల మీద రాసిన లెక్కలు, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. అందులో కూడికకి యుతంలోని 'యు', గుణకారానికి 'గు', భాగహారానికి 'భా' అని అక్షరాలు రాశారు, అచ్చం మన పి, క్యూ లెక్కల్లాగే. మరి తీసివేతకి ఏం పెట్టారో తెలుసా? నంబర్ తర్వాత '+' లాంటి గుర్తు! మన ప్లస్ ఆకారమే, అర్థం మాత్రం మైనస్. ఇది చెప్పగానే తమ్ముడు చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. డెన్మార్క్, నార్వేల్లో అయితే మనం బై అనుకునే '÷' గుర్తుని చాలాకాలం తీసివేతకి వాడారు. జర్మనీ బడుల్లో భాగహారానికి ఇప్పటికీ రెండు చుక్కలు పెడతారు. అంటే "'÷' అంటే '−' అయితే" అని మన పేపర్లో అడిగినది ఎక్కడో ఒకచోట నిజంగా జనం అలాగే చదివిన సంగతి. గుర్తుకి అర్థం మనుషులు కూర్చుని ఒప్పుకున్నదే తప్ప దానంతట దానికి లేదు. ఈ లెక్క అడిగేది కూడా అదే, ఐదు నిమిషాలు ఇంకో ఒప్పందం ప్రకారం చదవగలవా అని.

ఇంకో రకం ఉంది, నాకు దాని మీదే ఎక్కువ ప్రేమ. ఏ గుర్తు ఏమిటో వాళ్లు చెప్పరు, ఒక తప్పు సమీకరణం ఇచ్చి, ఏ రెండు గుర్తుల్ని ఒకదానితో ఒకటి మారిస్తే అది నిజమవుతుందో కనుక్కోమంటారు. ఇలాగన్నమాట:

24 × 6 + 5 ÷ 3 − 7 = 12
ఎ) + , −   బి) × , ÷   సి) + , ×   డి) ÷ , −

నాలుగు ఆప్షన్లూ వరసగా వేసుకుంటూ పోతే జవాబు వస్తుంది, కాదనను, కానీ టైమ్ పోతుంది, మజా కూడా పోతుంది. ముందు వరసని ఊరికే చూడాలి. కుడివైపు 12, పూర్ణ సంఖ్య. ఎడమవైపు 5 ÷ 3 భిన్నం. ఇంకెక్కడా భాగహారం లేదు కాబట్టి ఆ భిన్నాన్ని సరిచేసేది ఏదీ లేదు. కాబట్టి ఆ బై దగ్గర ఏదో ఒకటి మారాలి. ఎ చూస్తే 5 ÷ 3 అలాగే ఉండిపోతుంది, కొట్టేయొచ్చు. డి చూస్తే బై వెళ్లి 3, 7ల మధ్య కూర్చుంటుంది, 3 ÷ 7, మళ్లీ భిన్నమే, అదీ పోయింది. కలం కదపకుండా రెండు పోయాయి.

తమ్ముడు ఉత్సాహంగా సి కూడా కొట్టేశాడు, అందులో కూడా బై కదల్లేదు కదా అని. ఆగు అన్నాను. ప్లస్, ఇంటూ మార్చి రాయి: 24 + 6 × 5 ÷ 3 − 7. బై అక్కడే ఉంది, కానీ దాని ముందు ఇప్పుడు 5 ఒక్కటే లేదు, 6 × 5 ఉంది, 30 బై 3 పది, చక్కగా పోతుంది. కాబట్టి సిని చూపుతో కొట్టేయకూడదు, వేసి చూడాలి. 24 + 10 − 7 = 27. పన్నెండు కాదు, ఇప్పుడు పోయింది. బి వేస్తే 24 ÷ 6 + 5 × 3 − 7, నాలుగు, పదిహేను, పంతొమ్మిది, ఏడు తీస్తే పన్నెండు. జవాబు కోసం అయితే సిని తొందరపడి కొట్టేసినా ఇక్కడ నష్టం లేదు, అయినా వాడిని ఆపాను, ఎందుకంటే ఇంకో రోజు అదే కరెక్టు ఆప్షన్ అవుతుంది. భాగహారం గుర్తు పక్కన ఏ నంబర్ ఉందో ఒక్కటే చూడటం సరిపోదు, దాని వెనక గుణకారం గొలుసు ఉందేమో కూడా చూడాలి.

ఇంకో సాయం ఏమిటంటే సైజు. 24 × 6 అంటే 144, దాన్ని 12కి దించే బలం ఆ మైనస్ 7కి లేదు. కాబట్టి మొదటి ఇంటూ ఉండటానికి వీల్లేదని అక్కడే తెలిసిపోతుంది. ఇలా పెద్ద నంబర్ల మధ్య ఇంటూ ఉండి కుడివైపు చిన్న నంబర్ ఉంటే ముందు ఆ ఇంటూ మీదే అనుమానం పెట్టుకోవాలి. మైనస్ తర్వాత వచ్చే ఇంటూలతో మాత్రం జాగ్రత్త, అవి నంబర్‌ని పెంచవు, తగ్గిస్తాయి.

గుర్తులతో పాటు నంబర్లు కూడా మార్చమనే లెక్కలు ఈ మధ్య ఎక్కువ చూస్తున్నాను, దాంట్లో కొత్తేం లేదు, ఖాళీల పద్ధతిలోనే ముందు నంబర్లు మార్చి రాసి తర్వాత గుర్తులు నింపాలి. ఒక్కటి మాత్రం చూసుకోండి, 3ని 5తో మార్చమంటే వరసలో ఉన్న 35ని 53 చేయకూడదు. మార్చమన్నది సంఖ్యని, అంకెని కాదు.

భోజనాలయ్యాక మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన ఒక లెక్క తీశాడు తమ్ముడు, ఇది కూడా ఇలాంటిదేనా అక్కా అని. 3 + 4 = 21, 5 + 2 = 35, అయితే 6 + 3 ఎంత? మేధావులు మాత్రమే చెప్పగలరు అని కింద రాసి ఉంది. బాబాయ్ 54 అన్నాడు, అత్తమ్మ 42 అంది, ఇద్దరికీ మధ్యాహ్నమంతా వాదన. ఇద్దరూ కరెక్టే. రెండూ కూడి మొదటిదానితో గుణిస్తే 3 × 7 = 21, 5 × 7 = 35, ఆ లెక్కన 6 × 9 = 54. మొదటి నంబర్‌ని ఊరికే 7తో గుణించినా 21, 35 వస్తాయి, ఆ లెక్కన 42. ఇచ్చిన రెండు ఉదాహరణలకీ రెండు నియమాలూ సరిపోతున్నాయి, ఇంకా వెతికితే ఇంకో నియమం కూడా దొరుకుతుంది. ఇవంటే నాకు ఇష్టం లేదని వాడికి సూటిగానే చెప్పాను. ప్రశ్న వేసినవాడి మనసులో ఏముందో ఊహించమనడం లెక్క కాదు. మన పరీక్షలో వచ్చే గుర్తుల లెక్కలో ఆ గొడవ లేదు, నియమం మొత్తం ముందే చెప్పేస్తారు, చెప్పింది చెప్పినట్టు చేస్తే హైదరాబాద్‌లో చేసినా ఆదిలాబాద్‌లో చేసినా ఒకటే జవాబు. రెండింటినీ ఒకే గాటన కట్టి "ఇవన్నీ ట్రిక్ క్వశ్చన్లు" అనేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

సాయంత్రం వాడు హాస్టల్‌కి వెళ్తుంటే ఒక పని చెప్పాను. ఈ వారం కొత్త లెక్కలు చేయకు, నువ్వే రెండు తయారు చెయ్యి, నాలుగు ఆప్షన్లతో, తప్పు ఆప్షన్ ప్రతిదానికీ అది ఎవరి తప్పో చెప్పగలగాలి. నేను అశోక్‌నగర్‌లో ఉన్నప్పుడు రూమ్మేట్లం ఒకరికొకరం ఇలాగే పెట్టుకునేవాళ్లం, కోఠీలో కొన్న పాత క్వశ్చన్ బ్యాంకులు అన్నీ అయిపోయాక వేరే దారి లేక మొదలుపెట్టాం, తీరా చూస్తే దానివల్లే ఎక్కువ వచ్చింది.

నిన్న రాత్రి ఫోటో పంపాడు, లైబ్రరీ బయట టీ తాగుతూ నోట్‌బుక్ వెనక అట్ట మీద రాశాడట.

'÷' అంటే '+', '+' అంటే '−', '−' అంటే '×', '×' అంటే '÷' అయితే
7 − 6 + 40 × 8 ÷ 3 = ?
ఎ) 34   బి) 40   సి) 46   డి) 50

ఖాళీలు పెట్టి నింపాను. 7 × 6 − 40 ÷ 8 + 3. నలభై రెండు, ఐదు తీస్తే ముప్పై ఏడు, మూడు కలిపితే నలభై. బి అని పంపి, వెంటనే ఫోన్ చేశాను. ఎ ఎవరిది? "ఐదూ మూడూ ముందు కూడి 42ల నుంచి 8 తీసినోళ్లది, మొన్న నేను చేసినట్టు." డి? "40 బై 8ని కలిపేటోళ్లది, 42, 47, 50. రెండో గుర్తు మార్చుడు మర్చిపోయినోళ్లకి వస్తది." మరి సి ఏందిరా, నాకు అర్థం కాలేదు అన్నాను.

"అది నేను ఊరికే పెట్టిన అక్కా. ఎవరి తప్పో దొరకలే. రేపు వెతికి మారుస్త."